ఏ-స్టార్‌కు గోడ కనబడదు: గళ్ళ మ్యాప్‌లో అడ్డంకుల సంగతి

మీరు అడిగింది ఇది. ఆట కోసం గళ్ళ మ్యాప్ మీద ఏ-స్టార్ (A*, అతి తక్కువ ఖర్చున్న దారి వెతికే అల్గారిదమ్) రాసుకున్నారు. మామూలు అడుగుకు 10, ఐమూల అడుగుకు 14, గోడ గడికి 9999 ఖర్చు పెట్టారు. బొమ్మ చాలాసార్లు గోడ చుట్టూ తిరిగే వెళ్తోంది, కానీ ఒక్కోసారి గోడలోంచి దూరిపోతోంది. మూలలు తగిలేలా ఐమూలగా ఉన్న రెండు గోడల మధ్య నుంచి జారిపోతోంది. చేరాల్సిన గడి చుట్టూ గోడలుంటే ఆట కాసేపు బిగుసుకుపోతోంది. చివర్లో ఒక మాట అడిగారు: అసలు అల్గారిదమ్ అడ్డంకిని ఎలా గుర్తించి తప్పుకుంటుంది? ముందు దీనికే జవాబు చెప్తాను. మిగతా మూడింటి మూలం అక్కడే ఉంది.

గుర్తించదు. ఏ-స్టార్‌కి గానీ, డైక్‌స్ట్రాకి గానీ, బీఎఫ్ఎస్‌కి గానీ గోడ అంటే ఏమిటో తెలియదు. (డైక్‌స్ట్రా, బీఎఫ్ఎస్ కూడా దారి వెతికేవే. మొదటిది తక్కువ ఖర్చు గళ్ళ నుంచి, రెండోది తక్కువ అడుగుల గళ్ళ నుంచి వరుసగా చూస్తుంది.) ఒక గడిలో ఉన్నప్పుడు "ఇక్కడి నుంచి ఏయే గళ్ళకు వెళ్ళొచ్చు, ఒక్కోదానికి ఖర్చెంత" అని అడుగుతాయి. చేతికొచ్చిన జాబితా పట్టుకుని ముందుకు సాగుతాయి. గోడ గడి ఆ జాబితాలో ఉండదు. అంతకుమించి ఏమీ లేదు. మనకు తెర మీద కనిపించేవి గళ్ళు, గోడలు, బొమ్మ. అల్గారిదమ్‌కు ఉన్నవి చుక్కలు, చుక్కల్ని కలిపే గీతలు. గోడ అంటే అక్కడ గీయని గీత.

గళ్ళను చుక్కలూ గీతలుగా మార్చి చెప్పేది మీరు రాసే ఒక చిన్న ఫంక్షన్. ఈ గడి నుంచి ఆ పక్క గడికి వెళ్ళొచ్చా? నేను దానికి 'వెళ్ళొచ్చా' అనే పేరు పెట్టుకుంటాను. ఇన్నేళ్ళలో నేను సరిచేసిన పాత్‌ఫైండింగ్ (దారి వెతకడం) తప్పుల్లో ఎక్కువ భాగం వెతికే కోడ్‌లో దొరకలేదు. ఈ ఫంక్షన్‌లో దొరికాయి, లేదా ఒకే ప్రోగ్రాములో ఇదే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు రావడంలో దొరికాయి. అందుకే ఈ ఫంక్షన్‌కి రెండు గళ్ళు ఇవ్వమంటాను, ఒకటి కాదు. "ఈ గడి ఖాళీయేనా" అన్న ప్రశ్న సరిపోదు. రెండు ఖాళీ గళ్ళ మధ్య సన్నటి తలుపు మూసి ఉండొచ్చు. ఒకవైపు నుంచి మాత్రమే దూకగలిగే గట్టు ఉండొచ్చు. ఐమూల అడుగు సంగతి సరేసరి. అడ్డు పడేది గడికి కాదు, అడుగుకు.

ఇప్పుడు 9999 సంగతి. గోడకు పెద్ద ఖర్చు పెట్టడమంటే "ఇక్కడ దారి లేదు" అని చెప్పడం కాదు, "ఇక్కడ దారి ఉంది, కాకపోతే ఖరీదు" అని చెప్పడం. మీ లెక్కలో ఒక గోడ గడి దాదాపు వెయ్యి మామూలు అడుగులతో సమానం. చుట్టుదారి అంతకంటే పొడవైతే గోడే చవక. చుట్టుదారి అసలు లేకపోతే గోడ తప్ప గతి లేదు. రెండు సందర్భాల్లోనూ ఏ-స్టార్ మీరు చెప్పినట్టే చేసింది, అతి తక్కువ ఖర్చున్న దారి ఇచ్చింది.

మీరు గమనించారో లేదో, మీ ఆట బిగుసుకుపోవడానికీ బొమ్మ గోడలోంచి దూరడానికీ చాలావరకు కారణం ఒక్కటే. గమ్యం చుట్టూ గోడలున్నప్పుడు, 9999 చెల్లించే కంటే బయట ఉన్న ఖాళీ గళ్ళన్నీ చవకగా కనిపిస్తాయి. కాబట్టి ముందు వాటినన్నిటినీ తిరిగేస్తుంది. ఇక మిగిలిందేమీ లేనప్పుడు గోడ ఖర్చు చెల్లించి లోపలికి వెళ్తుంది. బిగుసుకున్న తర్వాత బొమ్మ గోడలోంచి నడిచిందా లేదా ఒకసారి చూడండి. నడిచి ఉంటే సంగతి ఇదే.

కొందరు 9999 చాలలేదనుకుని పూర్ణాంకాల్లో అతి పెద్దదాన్ని పెడతారు. అది ఇంకా ప్రమాదం. ఋణ సంఖ్యలూ పట్టే 32 బిట్ల పూర్ణాంకంలో అతి పెద్ద సంఖ్య 2147483647. దానికి ఇంకో 10 కలిపితే చాలా భాషల్లో అది తిరగబడి -2147483639 అవుతుంది. చూడాల్సిన గళ్ళను దాచే ప్రయారిటీ క్యూ తక్కువ ఖర్చున్నదాన్ని ముందు తీస్తుంది కదా, కాబట్టి గోడ గడే అన్నిటికంటే ముందు బయటికొస్తుంది. గోడను ఖర్చుగా రాయకండి, జాబితాలోంచి తీసేయండి. బురద, నీళ్ళు, ఎత్తు ఎక్కడం లాంటివి ఖర్చు. అక్కడికి వెళ్ళడం కష్టమే గానీ కుదురుతుంది.

మ్యాప్ అంచు కూడా గోడే, దాన్ని మర్చిపోతుంటారు. గళ్ళను ఒకే వరుస అర్రేలో (సంఖ్యలు వేసిన అరల జాబితాలో) పెట్టి, వరుసల్నీ నిలువుల్నీ 0 నుంచి లెక్కపెట్టి, వరుస సంఖ్యను వెడల్పుతో గుణించి నిలువు సంఖ్య కలిపి చోటు లెక్కగడతాం. 20 గళ్ళ వెడల్పున్న మ్యాప్‌లో 3వ వరుస మొదటి గడి చోటు 60. దానికి ఎడమ గడి అని 1 తీసేస్తే 59 వస్తుంది. అది 2వ వరుస చివరి గడి, మ్యాప్ అవతలి అంచు. సంఖ్య అర్రే హద్దుల్లోనే ఉంది కాబట్టి ప్రోగ్రాము ఆగదు, తప్పు చూపించదు. బొమ్మ ఎడమ అంచున మాయమై కుడి అంచున తేలుతుంది. దీనికి నాకు నచ్చిన ఉపాయం మ్యాప్ చుట్టూ ఒక వరుస గోడ గళ్ళు కట్టేయడం. అప్పుడు హద్దుల పరీక్ష ప్రతిసారీ రాయక్కర్లేదు. గోడ పరీక్షే హద్దుల పరీక్ష కూడా అయిపోతుంది.

ఐమూల అడుగుకు వద్దాం. మీ కోడ్ కింద కుడి ఐమూల గడికి వెళ్ళేటప్పుడు ఆ గడి ఖాళీయా అని మాత్రమే చూస్తోంది. కానీ ఆ అడుగు వేసేటప్పుడు శరీరం ఇంకో రెండు గళ్ళ మూలల్ని రాసుకుంటూ పోతుంది: కుడి పక్కది, కింద పక్కది. ఆ రెండూ గోడలైతే వాటి మధ్య ఉన్నది ఒక్క బిందువు, దాని వెడల్పు సున్నా. వెడల్పున్న ఏ శరీరమూ అందులో పట్టదు. రెండింట్లో ఒకటే గోడ అయితే ఏం చేయాలన్నది మీ నిర్ణయం. బొమ్మ కొంత భాగం గోడలో మునిగినట్టు కనిపించినా ఫరవాలేదంటే ఒప్పుకోవచ్చు. నేను మాత్రం రెండూ ఖాళీగా ఉంటేనే ఐమూల అడుగు ఒప్పుకుంటాను. అప్పుడు బొమ్మ గోడ మూల దగ్గర ముందు నేరుగా ఒక అడుగు వేసి, తర్వాత తిరుగుతుంది. చూడ్డానికీ సహజంగా ఉంటుంది, ఢీకొనే లెక్కలు చూసే కోడ్‌తోనూ గొడవ రాదు. ఏ నియమం ఎంచుకున్నా అది 'వెళ్ళొచ్చా' లోపలే ఉండాలి.

ఇక, గోడ గురించి తెలియని అల్గారిదమ్ గోడ చుట్టూ ఎలా తిరుగుతుందన్న ప్రశ్న. ఇది చెప్పాలంటే నాకు ఎప్పుడూ ఉత్సాహమే. ఈ చిన్న మ్యాప్ చూడండి. 'క' దగ్గర మొదలు, 'గ' చేరాలి, # గోడ. నాలుగు దిక్కులకే నడక, అడుగుకు ఖర్చు 1.

. . . . . . . . .
. . . . # . . . .
. . . . # . . . .
. క . . # . . గ .
. . . . # . . . .
. . . . # . . . .
. . . . . . . . .

ఏ-స్టార్ ప్రతి గడికీ రెండు సంఖ్యలు ఉంచుకుంటుంది. ఇక్కడిదాకా నిజంగా అయిన ఖర్చు ఒకటి, ఇక్కడి నుంచి గమ్యానికి ఎంత పడొచ్చన్న అంచనా ఇంకొకటి. రెంటినీ కలిపిన మొత్తం ఏ గడికి తక్కువుంటే దాన్ని ముందు తెరుస్తుంది, అంటే దాని పక్క గళ్ళను చూస్తుంది. అంచనా అంటే ఇక్కడ అడ్డం తేడా, నిలువు తేడా కలిపినది. ఆ అంచనాకు గోడలతో సంబంధం లేదు, మ్యాప్ మొత్తం ఖాళీగా ఉన్నట్టే లెక్క వేస్తుంది.

'క' దగ్గర మొత్తం 6. కుడివైపు అడుగు వేస్తే ఖర్చు 1 పెరిగి అంచనా 1 తగ్గుతుంది, కాబట్టి మొత్తం 6గానే ఉంటుంది. అలా 'క'తో కలిపి మూడు గళ్ళు తెరిచేసరికి గోడ తగులుతుంది. 6 ఉన్న గళ్ళు అయిపోయాయి. ఇప్పుడు గమ్యానికి దూరంగా వేసే ప్రతి అడుగుకూ ఖర్చు 1, అంచనా 1 పెరుగుతాయి, అంటే మొత్తం 2 పెరుగుతుంది. కాబట్టి తర్వాతి మట్టం 8: పై వరుసలో మూడు, కింది వరుసలో మూడు, 'క'కు ఎడమన ఒకటి, మొత్తం ఏడు గళ్ళు. అవీ అయిపోతే 10 మట్టం, ఎనిమిది గళ్ళు. దాని తర్వాత 12. ఆ మట్టానికి అన్నిటికన్నా పై వరుసా అన్నిటికన్నా కింది వరుసా అందుతాయి, గోడ అక్కడ లేదు. అక్కడి నుంచి అవతలికి పోయి గమ్యం దాకా మొత్తం 12గానే నిలబడుతుంది. దొరికిన దారి పొడవు 12.

కట్టకు తగిలిన నీరు ఇలాగే చేస్తుంది. కట్ట ఎక్కడుందో ఎంత ఎత్తుందో నీటికి తెలియదు. ముందుకు పోయే వీలు లేక మట్టం పెరుగుతుంది, కట్ట తల దాకా వచ్చాక పొర్లి అవతలికి పోతుంది. గోడ దాటేలోపు ఈ మ్యాప్‌లో 3, 7, 8 కలిపి 18 గళ్ళు తెరవక తప్పలేదు. ఎందుకంటే 12 కంటే తక్కువ మొత్తం ఉన్న ఏ గడినైనా చూడకుండా వదిలేస్తే, దాని గుండా ఇంకా పొట్టి దారి లేదని హామీ ఇవ్వలేం. గోడ గిన్నెలా వంగి 'క'ను మూడు వైపులా కమ్ముకుని ఉంటే ఆ గిన్నె మొత్తం నిండాలి. లోతైన గిన్నె ఆకారపు అడ్డంకుల దగ్గర ఏ-స్టార్ నెమ్మదించడానికి కారణం ఇదే, మీ కోడ్‌లో తప్పు కాదు. ఖర్చు వదిలేసి అంచనా మాత్రమే చూసుకునే గ్రీడీ పద్ధతి ఒక్కోసారి తొందరగా బయటపడుతుంది గానీ, గోడను ఆనుకుని వంకరటింకర దారి ఇస్తుంది. మొత్తాలు సమానంగా ఉన్న గళ్ళు చాలా ఉన్నప్పుడు అంచనా తక్కువున్నదాన్ని ముందు తీయండి. 12 మట్టంలో పడ్డాక అనవసరంగా ఎడమవైపు గళ్ళు తెరవకుండా గమ్యం వైపు దూసుకుపోతుంది.

గోడల్ని పట్టించుకోని అంచనాతో సరైన దారి ఎలా వస్తుందని చాలామందికి అనుమానం. అడ్డంకి గీతల్ని చెరపగలదు, కొత్త గీత గీయలేదు. గీతలు చెరిపితే అసలు దూరం పెరుగుతుంది, లేదా అంతే ఉంటుంది, ఎప్పుడూ తగ్గదు. ఖాళీ మ్యాప్ మీద లెక్కేసిన దూరం కాబట్టి ఎన్ని గోడలు కట్టినా అసలు దూరాన్ని మించదు. పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్ట్రమ్ రఫేల్ 1968లో ఏ-స్టార్‌ను ప్రచురించినప్పుడు పెట్టిన షరతు ఇదే: అంచనా అసలు ఖర్చును మించకపోతే, దొరికిన దారి అతి పొట్టిది. వాళ్ళు దాన్ని తయారుచేసింది స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో పని మీద. గదుల్లో అడ్డంగా ఉన్న పెట్టెల మధ్య అది తిరగాలి.

ఈ షరతు తప్పే సందర్భాలున్నాయి. ఒకచోట దూరి మరోచోట తేలే ద్వారాలు పెడితే కొత్త గీతలు వచ్చినట్టే, అంచనా మించిపోతుంది. గోడలతో కలిపి ముందుగా లెక్కేసి దాచుకున్న అంచనాలు వాడుతూ ఆట మధ్యలో గోడ కూల్చినా అంతే. రోడ్డు గడికి 5, గడ్డి గడికి 10 ఖర్చు పెట్టి అంచనాను మాత్రం 10 చొప్పున వేసినా అంతే, అన్నిటికన్నా చవక గడి లెక్కనే వేయాలి. ఇప్పుడు మీ మ్యాప్ సంగతి: ఐమూలకు 14 పెట్టి, అడ్డం నిలువు తేడాల మొత్తాన్ని 10తో గుణించి అంచనాగా వాడుతున్నారు. మూడు అడ్డం, మూడు నిలువు తేడా ఉంటే మీ అంచనా 60, అసలు ఖర్చు 42. ఇది సరికాదు. పెద్ద తేడాను 10తో, చిన్న తేడాను 4తో గుణించి కలపండి. 30, 12 కలిపి 42 వస్తుంది. నేరు దూరం వాడదామనుకుంటారేమో, అది 42.4 వస్తుంది. 14 అనేది 14.14ను కోసేసిన సంఖ్య కాబట్టి ఆ మాత్రం మించుతుంది.

చేరలేని గమ్యం. గోడలను జాబితాలోంచి తీసేశాక బొమ్మ గోడలోంచి దూరదు, కానీ బిగుసుకోవడం మిగిలే ఉంటుంది. దారి లేదని చెప్పాలంటే అందే గళ్ళన్నీ తెరిచి చూడాల్సిందే. 500కి 500 మ్యాప్ అయితే 2,50,000 గళ్ళ దాకా. చాలా బొమ్మలు ఒకేసారి దారి అడిగితే ఆట ఆగిపోదూ మరి. దీనికి వెతుకులాట మొదలుపెట్టక ముందే జవాబు ఉండాలి. మ్యాప్ తెరిచినప్పుడు ఒకసారి బీఎఫ్ఎస్ వరదలా పారించి, ఒకదానికొకటి అందే గళ్ళకంతా ఒకే సంఖ్య వేయండి. ఒకవైపే దూకే గట్లు లేని మ్యాప్‌లో మొదలు గడి సంఖ్య, గమ్యం సంఖ్య వేరైతే దారి లేదు, ఒక్క పోలికతో తేలిపోతుంది. గోడ కూలిస్తే రెండు సంఖ్యల్ని కలపడం తేలిక, గుంపుల్ని కలుపుతూ ఏది ఏ గుంపో చెప్పే యూనియన్-ఫైండ్ దీనికి సరిగ్గా సరిపోతుంది. కొత్త గోడ కట్టినప్పుడే చిక్కు. ఒక ప్రాంతం రెండుగా చీలిందేమో తెలియాలంటే ఆ ప్రాంతం వరకు మళ్ళీ పారించాలి. ఈ వరద కూడా 'వెళ్ళొచ్చా'నే అడగాలి. ఐమూల నియమం ఇక్కడొకటి, ఏ-స్టార్‌లో ఒకటి ఉంటే, సంఖ్యలు ఒకటే అయినా దారి దొరకని గళ్ళు తయారవుతాయి.

సంఖ్యలు వేసే ఓపిక లేకపోతే ఇంకో దారి: గమ్యం వైపు నుంచీ మొదలు వైపు నుంచీ వంతులవారీగా వరద పారించడం. మూసిన గది చిన్నదైతే ఆ వైపు వరద తొందరగా ఎండిపోతుంది, అక్కడితో ఆపేయొచ్చు.

దారి లేనప్పుడు బొమ్మ కదలకుండా నిలబడితే ఆటగాడికి కోపం వస్తుంది. వెతుకుతున్నప్పుడు తెరిచిన గళ్ళలో అంచనా అతి తక్కువున్న గడిని గుర్తు పెట్టుకుని అక్కడిదాకా నడిపించండి. గమ్యమే అడ్డంకి అయిన సందర్భం వేరు: పెట్టె తెరవాలి, చెట్టు కొట్టాలి. పెట్టె ఉన్న గడిని ఖాళీ అని అబద్ధం చెప్పకండి, మిగతా బొమ్మలు దాని మీద నడిచిపోతాయి. పెట్టెను ఆనుకున్న గళ్ళలో ఏది చేరినా చేరినట్టే అని గమ్యాన్ని మార్చండి. మొదలు గడి కూడా చూసుకోండి. బొమ్మ తను నిలబడ్డ గడిని తానే ఆక్రమించినట్టు గుర్తు పెట్టి, మొదట్లోనే "ఇది ఖాళీ కాదు" అని వెనక్కి తిరిగిపోయే కోడ్ చాలా చూశాను.

మీరు అడగలేదు గానీ త్వరలో అడుగుతారు: పెద్ద శరీరాల సంగతి. రెండు గళ్ళ వెడల్పున్న బొమ్మ ఒక గడి సందులో పట్టదు. గోడల్ని ఉబ్బించి బొమ్మను చుక్కగా అనుకోవడం ఒక పద్ధతి. రోబోల వాళ్ళు చేసేది ఇదే. గడి 5 సెంటీమీటర్లు, రోబో వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు అయితే ప్రతి గోడనూ 4 గళ్ళు ఉబ్బిస్తారు. 60 సెంటీమీటర్ల తలుపు 12 గళ్ళు, రెండు వైపులా 4 పోతే 4 మిగిలాయి, రోబో పడుతుంది. ఎందుకైనా మంచిదని 6 గళ్ళు ఉబ్బిస్తే తలుపే మూసుకుపోతుంది. అప్పుడు దారి లేదని చెప్పేది అల్గారిదమ్, తలుపు మూసింది మనం. భద్రత కోసం కొంత దూరం కావాలంటే దాన్ని గోడగా కాక ఖర్చుగా పెట్టాలి. గోడ పక్క గడికి కొంచెం ఎక్కువ, రెండో గడికి ఇంకొంచెం తక్కువ. దారి గోడను రాసుకుంటూ పోకుండా నడుమ నుంచి పోతుంది, వేరే దారి లేనప్పుడు ఇరుకులోంచీ పోతుంది. ఖర్చు అన్న పనిముట్టు ఇలాంటి చోటికే పుట్టింది.

రకరకాల సైజుల బొమ్మలుంటే ఒక్కో సైజుకు ఒక్కో ఉబ్బించిన మ్యాప్ అక్కర్లేదు. ప్రతి గడికీ, ఆ గడి పై ఎడమ మూలగా ఎంత పెద్ద ఖాళీ చదరం పడుతుందో రాసి పెట్టుకోండి. గోడకు 0. మిగతా గడికి, దాని కుడి గడి, కింది గడి, కింద కుడి ఐమూల గడి, ఈ మూడింట్లో చిన్న సంఖ్యకు 1 కలిపినది. కింది కుడి మూల నుంచి వెనక్కి ఒక్కసారి నడిస్తే పూర్తయిపోతుంది. 'వెళ్ళొచ్చా' ఇప్పుడు "గోడా?" అని అడగడం మాని "ఈ సంఖ్య నా సైజుకు తక్కువా?" అని అడుగుతుంది. ఐమూల నియమంలో పక్క గళ్ళకూ అదే ప్రశ్న.

అడ్డంకులు మారుతున్నప్పుడు. గోడ ఎప్పుడో ఒకసారి మారే చిన్న మ్యాప్‌లో మళ్ళీ మొదటి నుంచి వెతకడమే నా సలహా. కొత్త గోడ బొమ్మ నడవాల్సిన మిగతా దారి మీద పడితేనే వెతకండి, లేకపోతే పాత దారే ఇప్పటికీ అతి పొట్టిది. గోడ కూలినప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, పాత దారి నడవడానికి పనికొస్తుంది గానీ పొట్టిదన్న హామీ పోతుంది. తెలియని చోట తిరిగే రోబోకు ప్రతి కొన్ని అడుగులకూ కొత్త గోడ ఎదురవుతుంది. తెలియని గళ్ళన్నీ ఖాళీ అనుకుని బయల్దేరుతుంది, గోడ తగిలినప్పుడు లెక్క మార్చుకుంటుంది. ప్రతిసారీ మొదటి నుంచి వెతకకుండా, మారిన మేరకే పాత లెక్కను సరిచేసే పద్ధతిని 1994లో ఆంథొనీ స్టెంట్జ్ డీ-స్టార్ పేరుతో ఇచ్చారు. 2002లో స్వెన్ కోనిగ్, మాక్సిమ్ లిఖచెవ్ ఇచ్చిన డీ-స్టార్ లైట్ దానికన్నా రాయడానికి సులువు. అందులో వెతుకులాట గమ్యం నుంచి రోబో వైపు సాగుతుంది. గోడలు సాధారణంగా రోబో దగ్గరే బయటపడతాయి కాబట్టి గమ్యం వైపు లెక్క చాలావరకు చెక్కుచెదరదు.

నడిచే బొమ్మల్ని గోడలుగా రాయకండి. సందు దగ్గర ఒకడు నిలబడితే వెనకున్న వాళ్ళందరూ మ్యాప్ చుట్టూ తిరిగి రావడానికి బయల్దేరతారు, అర క్షణంలో వాడు కదిలాక మళ్ళీ వెనక్కి తిరుగుతారు. ఆ గడి అడ్డంకి అయ్యేది ఆ క్షణానికే. కాలాన్ని కూడా గడిలో భాగం చేస్తే, అంటే వరుస, నిలువు, ఎన్నో అడుగు అన్న మూడింటినీ కలిపితే, "ఏడో అడుగులో ఈ గడి వేరేవాడిది" అని ఒక పట్టికలో రాసుకోవచ్చు. ఉన్నచోటే ఆగడం కూడా ఒక అడుగే అవుతుంది. డేవిడ్ సిల్వర్ 2005లో ప్రచురించిన సహకార పాత్‌ఫైండింగ్ ఈ పట్టిక మీదే నడుస్తుంది. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు ఒకే అడుగులో గళ్ళు మార్చుకోవడాన్ని విడిగా పట్టుకోవాలి. ఏ క్షణంలోనూ ఇద్దరూ ఒకే గడిలో లేరు, అయినా ఒకరిలోంచి ఒకరు దూరిపోయారు. అడ్డు పడేది అడుగుకు అని మొదట్లో అన్నది ఇక్కడ మళ్ళీ వస్తుంది.

ఇంకొక్క చోటు ఉంది. దారి దొరికాక మెట్లు మెట్లుగా ఉందని మధ్య గళ్ళు తీసేసి నేరుగా నడిపిస్తారు. రెండు గళ్ళ మధ్య గోడ ఉందా అని చూడటానికి చాలామంది బ్రెసెన్‌హామ్ 1965లో ప్రచురించిన గీత గీసే పద్ధతి వాడతారు. అది ప్లాటర్‌తో (కాగితం మీద కలంతో గీసే యంత్రంతో) గీత గీయించడానికి పుట్టింది, గీత తాకే ప్రతి గడినీ చెప్పదు. మూలను ఒరుసుకునే గళ్ళను వదిలేస్తుంది. నేనొకసారి రెండు రోజులు ఏ-స్టార్‌లో తప్పు వెతికాను. అందులో ఏ తప్పూ లేదు, అది ఇచ్చిన దారి గోడ మూలకు దూరంగా తిరిగే ఉంది. నున్నగా చేసే కోడ్ ఆ మూలను కోసేసింది. గీత తాకే గళ్ళన్నిటినీ నడిచి చూసే పద్ధతి వాడి, ప్రతి అడుగుకూ 'వెళ్ళొచ్చా'నే పిలవండి.

వేగం చాలక జంప్ పాయింట్ సెర్చ్ వైపు వెళ్తే ఒక్క జాగ్రత్త. డేనియల్ హారబోర్, ఆల్బన్ గ్రాస్టియెన్ 2011లో ఇచ్చిన ఈ పద్ధతి ఖాళీ మైదానంలో ఒకేలాంటి దారుల్ని వదిలేసి, గోడ మూలల దగ్గర మాత్రమే ఆగుతుంది. ఎక్కడ ఆగాలన్నది మీ ఐమూల నియమాన్ని బట్టి మారుతుంది. మూల కోయడాన్ని ఒప్పుకునే రూపాన్ని తెచ్చుకుని, మూల కోయకూడదన్న నియమంతో నడిపిస్తే దారులు తప్పిపోతాయి. ప్రతి గడికీ ఖర్చు ఒకటే అయిన మ్యాప్‌కే అది పనికొస్తుంది.

ఇవన్నీ మార్చాక సరిగ్గా ఉందో లేదో కంటితో చూసి చెప్పలేరు. 20కి 20 మ్యాప్‌లో మూడోవంతు గళ్ళు యాదృచ్ఛికంగా గోడలు చేసి, అలాంటివి కొన్ని వేలు తయారుచేయండి. ప్రతిదాని మీదా మీ ఏ-స్టార్‌నూ, అంచనాను సున్నా చేసిన అదే ఏ-స్టార్‌నూ నడపండి. రెండోది డైక్‌స్ట్రా అవుతుంది, గోడల గురించి అదీ 'వెళ్ళొచ్చా'నే అడుగుతుంది. ఖర్చులు సరిపోలాలి. మొదటిది ఎక్కువిస్తే అంచనా మించుతోంది, లేదా గడిని క్యూలోంచి తీసినప్పుడు కాకుండా క్యూలో వేసినప్పుడే పూర్తయినట్టు గుర్తు పెడుతున్నారు. బీఎఫ్ఎస్‌లో అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. గోడ మూల దగ్గర ఒక గడికి ముందు పొడవు దారి, తర్వాత పొట్టి దారి తగలొచ్చు, రెండోదానికి చోటుండాలి. ఒకటి దారి ఉందని, ఇంకొకటి లేదని చెప్తే గళ్ళ గుర్తులు గత వెతుకులాట నుంచి చెరపకుండా మిగిలాయేమో చూడండి. ఖర్చులు సరిపోయినా ఆగకండి. నున్నగా చేసిన తర్వాతి దారిని తీసుకుని, అది తాకే గళ్ళను వరుసగా 'వెళ్ళొచ్చా'కు ఇవ్వండి. ఎక్కడైనా కాదని జవాబొస్తే ఆ మ్యాప్‌ను, ఆ రెండు గళ్ళను ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.